కంప్యూటరులో ఉబుంటును కొత్త విడుదలకు మార్చుకొనుట – మా ఇంటి అనుభవం

"కంప్యూటరు బాగానే పనిచేస్తోంది కదా, కొత్త విడుదలకు ఎందుకు మార్చాలి? మారిస్తే లోపల దాచుకున్నవి పోతాయా?" ఈ రెండు ప్రశ్నలు తెలిసినవారు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. మా ఇంట్లో చాలా ఏళ్లుగా లినక్స్ వాడుతున్నాము. 2024 నవంబరులో మా ల్యాప్‌టాప్‌ను ఉబుంటు 22.04 నుండి 24.04కు మార్చాము. ఆ పనిలో మేము చేసినవి, పొరపడినవి, తరువాత తెలుసుకున్నవి ఇక్కడ వ్రాస్తున్నాము. ఈ రోజుల్లో అనేక కుటుంబాలు స్కానింగు కాగితాలు, రక్తపరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు కంప్యూటరులోనే భద్రపరచుకుంటున్నాయి. కావున ఈ విషయం కంప్యూటరు తెలిసినవారికి మాత్రమే సంబంధించినది కాదు.

ఉబుంటు అంటే ఏమిటి?

కంప్యూటరు నడవడానికి లోపల ఒక మూల వ్యవస్థ ఉండాలి. చాలామందికి తెలిసినది విండోస్. అటువంటిదే లినక్స్. దీని కేంద్ర భాగాన్ని 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. ఆ కేంద్ర భాగానికి కావలసిన మిగతావన్నీ చేర్చి, వాడుకోవడానికి సిద్ధంగా ఇచ్చే కూర్పును డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, లినక్స్ మింట్ అలాంటివే.

ఉబుంటు మొదటి విడుదల 2004 అక్టోబరులో వచ్చింది. అందుకే దాని సంఖ్య 4.10. అంటే సంవత్సరం, నెల. ఈ లెక్కన 22.04 అంటే 2022 ఏప్రిల్, 24.04 అంటే 2024 ఏప్రిల్. ప్రతి ఆరు నెలలకు ఒక విడుదల వస్తుంది. రెండేళ్లకు ఒకసారి ఏప్రిల్‌లో వచ్చేది దీర్ఘకాలపు విడుదల. దానికి 5 సంవత్సరాలు భద్రతా సవరణలు అందుతాయి. మధ్యలో వచ్చే చిన్న విడుదలలకు 9 నెలలే. ఇంటి అవసరాలకు దీర్ఘకాలపు విడుదలే మేలు.

ఉబుంటు అనేది దక్షిణాఫ్రికా భాషలలోని మాట. సాటి మనుషుల పట్ల మానవత్వం అని దాని భావం. నెట్ కనెక్షన్లు తక్కువగా ఉన్న రోజుల్లో ఈ సంస్థ అడిగినవారికి సీడీలను ఉచితంగా పోస్టులో పంపేది. 2011లో ఆ పద్ధతి ఆగిపోయింది. మా ఇంట్లోకి ఉబుంటు వచ్చింది ఆ సీడీ ద్వారానే. ఆ అట్ట కవరు ఇప్పటికీ మా పుస్తకాల అరలో ఉంది.

ఎందుకు మార్చాలి?

భద్రతా సవరణలు ఆగిపోయిన వ్యవస్థను వాడడం ప్రమాదం. దొంగలు కొత్త దారి కనిపెడితే దాన్ని మూసేవారు ఉండరు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము అనేక దేశాలలో విండోస్ కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, డబ్బు ఇస్తేనే తీస్తామని అడిగింది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రులు కూడా దెబ్బతిన్నాయి. వేలాది మంది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆ లోపాన్ని సరిచేసే సవరణ దానికి రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లు చిక్కుకున్నాయి. అది విండోస్‌కు వచ్చిన కష్టమే అయినా పాఠం అన్నిటికీ ఒకటే.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మేము వాడుతున్న 22.04కు 2027 వరకు సవరణలు ఉన్నాయి. మాకు తొందర లేదు. మా అమ్మాయి కాలేజీ పనికి పైథాన్ కొత్త రూపం కావలసి వచ్చింది. 22.04లో వచ్చేది 3.10, 24.04లో వచ్చేది 3.12. అందువలన మార్చాము. 20.04 వాడేవారి సంగతి వేరు. దానికి సాధారణ సవరణలు 2025 మేతో ముగిశాయి. వారు మారక తప్పదు. 20.04 నుండి ఒకేసారి 24.04కు దూకడం కుదరదు. ముందు 22.04కు, అక్కడ నుండి 24.04కు వెళ్లాలి.

విడుదలైన రోజే మార్చుకోవడం కూడా మంచిది కాదు. దీర్ఘకాలపు విడుదలలో ఉన్నవారికి కొత్తది వచ్చిన వెంటనే కబురు రాదు. కొన్ని నెలల తరువాత తప్పులు సరిదిద్దిన మొదటి కూర్పు వచ్చాకనే వస్తుంది. 24.04కు ఆ కూర్పు 2024 ఆగస్టు 15న రావలసి ఉండగా ఆగస్టు 29న వచ్చింది. ఆ తరువాత కూడా మార్పిడి ప్రోగ్రాములో లోపం కనిపించి కొద్ది రోజులు నిలిపివేశారు. మేము నవంబరు వరకు ఆగినందువలన ఆ ఇబ్బంది మాకు తగలలేదు.

మార్చడానికి ముందు

మా ఇంటి ల్యాప్‌టాప్‌లో అన్నిటికన్నా విలువైనది ఒక పట్టిక. నాన్నగారికి 2013లో షుగరు ఉన్నట్లు తెలిసింది. అప్పటి నుండి ఉదయం పరగడుపున ఎంత, తిన్న తరువాత ఎంత, బీపీ ఎంత అని ఆయన స్వయంగా లిబ్రె ఆఫీస్ పట్టికలో ఎక్కిస్తున్నారు. పక్కన తెలుగులో ఒక ముక్క వ్రాస్తారు. "పెళ్లి భోజనం", "రాత్రి నిద్ర లేదు", "మాత్ర మరిచాను" ఇలా. డాక్టరుగారు ప్రతిసారి ఆ పట్టిక అడిగి చూసి మందు మోతాదు నిర్ణయిస్తారు. ఆ పట్టిక పోతే మళ్లీ తయారు చేయలేము.

ఉబుంటును మార్చినప్పుడు మన సొంత ఫైళ్లను అది ముట్టుకోదు. కానీ మధ్యలో కరెంటు పోవచ్చు, పాత డిస్కు అదే రోజు చెడిపోవచ్చు. కావున మా అమ్మాయి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు రెండూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసింది. పని అయిపోయిందనుకున్నాము. మా తమ్ముడు మాత్రం, "కాపీ చేశారు సరే, తెరిచి చూశారా?" అని అడిగాడు. చూడలేదు. వాడి కంప్యూటరులో పెట్టి చూస్తే ఫొటోలు తెరుచుకున్నాయి, స్కానింగు రిపోర్టులు తెరుచుకున్నాయి. నాన్నగారి పట్టిక మాత్రం లేదు.

తిరిగి వచ్చి వెతికితే అది డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఉంది. కొన్నేళ్ల క్రితం పాత కంప్యూటరు నుండి మెయిల్ ద్వారా పంపుకున్నప్పుడు అక్కడ పడింది. నాన్నగారు అప్పటి నుండి అక్కడే తెరిచి, అక్కడే దాస్తున్నారు. పదకొండేళ్ల లెక్కకు ఇంకొక ప్రతి ఎక్కడా లేదని ఆ రోజు తెలిసింది. కంప్యూటరు మార్చినా మార్చకపోయినా అది ప్రమాదమే.

ఈసారి హోమ్ ఫోల్డరు మొత్తం కాపీ చేశాము. అందులో ఒక పెళ్లి వీడియో ఎక్కలేదు. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉంటాయి. వాటిలో 4 జీబీ కన్నా పెద్ద ఫైలు పట్టదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకుంటే పడుతుంది. అయితే అలా మార్చినప్పుడు అందులో ఉన్నవి చెరిగిపోతాయి గనుక ముందే వేరొక చోట పెట్టుకోవాలి. పట్టికను రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టి, ఒకటి తమ్ముడి ఇంట్లో ఉంచాము. నాన్నగారి కోసం కాగితం మీద కూడా అచ్చు తీశాము.

ఇవి కాక ఇంకా మూడు చేశాము. మొదటిది, డిస్కులో ఖాళీ చూసుకున్నాము. ఖాళీ చాలకపోతే మార్పిడి మొదలు కాకుండానే ఆగి, ఇంకా ఎంత కావాలో చెబుతుంది. చెత్తబుట్ట ఖాళీ చేసి, అక్కరలేని వీడియోలు తీసివేశాము. రెండవది, 22.04లో ఉన్న మామూలు అప్‌డేట్లన్నీ పూర్తి చేశాము. మూడవది, మా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇరవై నిమిషాలకు మించి నిలవదు గనుక ఇన్వర్టరు ఉన్న ప్లగ్గుకు తగిలించాము.

మార్చిన రోజు

శనివారం ఉదయం 10 గంటలకు మొదలుపెట్టాము. సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ తెరిస్తే కొత్త విడుదల ఉన్నదని చెబుతుంది. అప్‌గ్రేడ్ మీద నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. బయటి చోట్ల నుండి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ మూలాలను తాత్కాలికంగా నిలిపివేస్తున్నట్లు ఒక సందేశం వస్తుంది. భయపడనవసరం లేదు. తరువాత ఏవి తీసివేస్తుందో, ఏవి కొత్తగా చేరుస్తుందో, ఎంత దిగుమతి చేసుకోవాలో లెక్క చూపిస్తుంది. అక్కడి వరకు వద్దనుకుంటే ఆపవచ్చు. దిగుమతి పూర్తయి అమరిక మొదలైన తరువాత ఆపకూడదు. వెనకకు వచ్చే దారి లేదు. 24.04 నచ్చకపోతే 22.04ను మొదటి నుండి మళ్లీ వేసుకోవలసిందే. అందుకే ఆ తెర దగ్గర తొందరపడకుండా చదవండి.

మాకు దిగుమతికి ఒక గంట, అమరికకు గంటన్నర పట్టింది. మధ్యలో పాత అమరిక ఉంచమంటారా, కొత్తది పెట్టమంటారా అని ఒకసారి అడిగింది. మనం ఆ అమరికను చేతితో మార్చుకుని ఉండకపోతే కొత్తది పెట్టుకోవచ్చు. సందేహముంటే పాతది ఉంచుకోవడమే క్షేమం. ఇలా అడిగి జవాబు కోసం ఆగిపోతుంది గనుక దగ్గర ఒకరు ఉండాలి. పన్నెండు గంటలకు కరెంటు పోయి నలభై నిమిషాలకు వచ్చింది. ఇన్వర్టరు లేకపోతే ఏమయ్యేదో! చివరిలో అక్కరలేని పాత భాగాలు తీసివేయమంటారా అని అడిగి, ఆపి మళ్లీ మొదలు పెట్టమంది. తెర వచ్చింది. నెట్ వచ్చింది. పట్టిక తెరుచుకుంది. తెలుగు అక్షరాలు వత్తులతో సహా సరిగానే ఉన్నాయి. అందరము ఊపిరి పీల్చుకున్నాము.

ఇంట్లోవారు ఏమన్నారు?

మా అమ్మాయికి నచ్చింది. తెర కుడివైపు పైమూల నొక్కితే వైఫై, బ్లూటూత్, రాత్రి వెలుతురు అన్నీ గుండ్రటి బొత్తాలుగా ఒకేచోట వస్తున్నాయి. మెయిల్‌కు ఫొటో జతచేసేటప్పుడు ఫైళ్ల పేర్లు మాత్రమే కాక చిన్న బొమ్మలు కూడా చూసి ఎంచుకోవచ్చు. ఈ సౌకర్యం కోసం చాలామంది ఏళ్ల తరబడి అడిగారు.

మాకు కొన్ని నచ్చాయి, కొన్ని చికాకు పెట్టాయి. ఫైర్‌ఫాక్స్ 22.04లోనే స్నాప్ అనే పద్ధతిలోకి మారింది. 24.04లో మెయిల్ చూసుకునే థండర్‌బర్డ్ కూడా అలాగే మారింది. స్నాప్ వలన కొత్త రూపాలు త్వరగా అందుతాయి, ఒక ప్రోగ్రాము మరొకదానిలో జోక్యం చేసుకోకుండా వేరుగా ఉంటుంది. కాని మొదటిసారి తెరవడానికి ఆలస్యం, డిస్కులో ఎక్కువ చోటు. మా పాత ప్రింటరుకు కంపెనీవారి ప్రోగ్రాము మళ్లీ వేసుకోవలసి వచ్చింది. దానికి ఒక సాయంత్రం పోయింది. బయటి మూలాలను కూడా, 24.04కు తగినవి ఉన్నాయో లేదో చూసుకుని, సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్‌లో ఒక్కొక్కటిగా మళ్లీ తెరిచాము. అలా చేయకపోతే వాటికి సవరణలు రావు. ఇది చాలామంది మరచిపోతారు.

నాన్నగారు ఏమీ అనలేదు. బాగుందనుకున్నాము.

బుధవారం నాడు అమ్మ గోడ క్యాలెండరు కాగితం తిప్పుతుంటే వెనుక పెన్సిలుతో అంకెలు కనిపించాయి. 142, 138, 165. నాలుగు రోజుల షుగరు లెక్క. ఆయన కంప్యూటరు ముట్టుకోలేదు. అడిగితే ఇలా అన్నారు: "ఎడమ మూలన యాక్టివిటీస్ అని ఒక మాట ఉండేది. అది నొక్కి, పేరు కొట్టి, నా పట్టిక తెరిచేవాణ్ని. ఇప్పుడా మాట లేదు. తెలియక ఏదైనా నొక్కితే పదకొండేళ్ల లెక్క పోతుందేమోనని భయమేసింది. మీరంతా పనుల్లో ఉన్నారు, ఎందుకులే అనుకున్నాను."

ఆయన చెప్పినది నిజమే. ఆ మాట తీసివేసి అక్కడ చిన్న గీత, చుక్క లాంటి గుర్తు పెట్టారు. నొక్కితే చేసే పని అదే. ఎడమ పట్టీ అడుగున తొమ్మిది చుక్కలుగా ఉండే బొత్తం ఉబుంటు గుర్తుగా మారింది. కంప్యూటరు ఆపే మాట పోయి చిన్న గుండ్రటి బొమ్మ వచ్చింది. ఈ మూడూ మాకు ఒక నిమిషంలో అలవాటయ్యాయి. 74 ఏళ్ల మనిషికి అవే మూడు తలుపులు. మూడూ ఒకే రోజున చెప్పకుండా మార్చివేశాము. నెట్ చూశాము, ప్రింటరు చూశాము, తెలుగు చూశాము. రోజూ దాని ముందు కూర్చునే మనిషిని అడగలేదు. మరుసటి సోమవారమే ఆయనను డాక్టరుగారికి చూపించవలసి ఉంది. పట్టికలో నాలుగు రోజులు ఖాళీగా ఉండేవి.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుంది. "తాతయ్యా, ఈ గీత మీదే నొక్కండి. మాట పోయింది గాని పని పోలేదు" అని చేయి పట్టకుండా ఆయన చేతనే నొక్కించింది. మూడుసార్లు ఆయనే తెరిచి మూశారు. పట్టికను ఎడమ పట్టీ మీద నుండి సులువుగా తెరిచే ఏర్పాటు కూడా చేసింది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట పెద్ద అక్షరాలు పెట్టింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రతిని తెరిచి చూపించి, "ఇక్కడ పోయినా ఇది ఉంటుంది" అని చెప్పింది. అది విన్న తరువాతనే ఆయన క్యాలెండరు కాగితం తెచ్చి ఆ నాలుగు రోజులు ఎక్కించారు. పక్కన "కంప్యూటరు మారింది" అని వ్రాశారు.

సాధారణంగా అడిగే ప్రశ్నలు

పాత కంప్యూటరుకు 24.04 సరిపోతుందా? 4 జీబీ మెమరీ, డిస్కులో 25 జీబీ చోటు ఉండాలని ఉబుంటువారు చెబుతున్నారు. మా అనుభవంలో 8 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. అంతకన్నా బలహీనమైనదైతే జుబుంటు, లుబుంటు వంటి తేలిక కూర్పులు ఉన్నాయి. వాటి దీర్ఘకాలపు విడుదలలకు సవరణలు 3 సంవత్సరాలే అని గుర్తుంచుకోండి.

మార్చకుండా ముందే చూడవచ్చా? చూడవచ్చు. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో కొత్త విడుదలను ఎక్కించి, దాని నుండే కంప్యూటరును నడిపి, ట్రై ఉబుంటు అని ఎంచుకోవాలి. డిస్కులో ఏమీ మారదు. వైఫై, ధ్వని, కెమెరా పనిచేస్తున్నాయో చూసుకోండి. ఇంట్లోని పెద్దవారిని కూడా అప్పుడే ఒకసారి కూర్చోబెట్టండి. మేము ఈ పని చేసి ఉంటే నాన్నగారికి ఆ నాలుగు రోజుల భయం ఉండేది కాదు.

తెలుగులో టైపు చేయడం పోతుందా? మాకు పోలేదు. ముందు పెట్టుకున్న తెలుగు కీబోర్డు అలాగే ఉంది. విండోస్ గుర్తు ఉన్న కీతో పాటు స్పేస్ నొక్కితే ఇంగ్లీషు నుండి తెలుగుకు మారుతుంది. యూనికోడు రాకముందు పద్ధతులలో టైపు చేసిన పాత ఫైళ్లు మాత్రం ఆ అక్షరశైలి లేకపోతే ఏ కంప్యూటరులోనైనా పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. అది మార్పిడి తప్పు కాదు.

ఖర్చు ఎంత? ఉబుంటుకు ఏమీ లేదు. నెట్ డేటా, ఒక పెన్‌డ్రైవ్, ఒక పూట సమయం.

గుర్తుంచుకోవలసినవి

1. మీ విడుదలకు సవరణలు ఎప్పటివరకు ఉన్నాయో తెలుసుకోండి. గడువు ఉంటే తొందరపడకండి. గడువు దాటితే ఆలస్యం చేయకండి.

2. ఇంట్లో ప్రతి ఒక్కరినీ "నీ ముఖ్యమైన ఫైలు ఎక్కడ ఉంది?" అని అడిగి కాపీ చేయండి. మీరు ఊహించిన చోట అది ఉండకపోవచ్చు.

3. ఆ కాపీని మరొక కంప్యూటరులో తెరిచి కళ్లారా చూడండి. తెరిచి చూడని కాపీని కాపీగా లెక్కించకండి.

4. కరెంటు ఏర్పాటు చూసుకోండి. అమరిక మొదలైన తరువాత ఆపకండి.

5. డాక్టరు దగ్గరికి వెళ్లే వారంలో, పరీక్షల వారంలో, ప్రయాణానికి ముందు ఈ పని పెట్టుకోకండి.

6. ఇంట్లో ఆ కంప్యూటరు వాడే ప్రతి ఒక్కరూ తమ పనిని తామే ఒకసారి చేసుకోగలిగిన తరువాతనే మార్పిడి పూర్తయినట్లు.

ఆ సోమవారం నాన్నగారు ఎప్పటిలాగే అచ్చు తీసిన పట్టిక పట్టుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్లారు. ఆయన కాగితాలు చూస్తూ చివరి వరుస దగ్గర ఆగి, "ఇదేమిటండీ, కంప్యూటరు మారిన రోజుల్లో షుగరు కూడా పెరిగింది?" అని నవ్వారు. నాన్నగారు కూడా నవ్వారు. ఇప్పుడు ప్రతి నెల మొదటి తారీఖున ఆ పట్టికను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తెరిచి చూసి, తారీఖు వ్రాసుకునే పని ఆయనే చేస్తున్నారు.